వాల్వులు లేని యాంప్లిఫయర్

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. సూరత్ దగ్గర కడోదరాలో ఒక డైయింగ్ మిల్లులో క్వాలిటీ చూడటం నా ఉద్యోగం. బట్ట మీద మరక పడినా, రంగు ఒక పిసరు తేలిపోయినా, అది ఎందుకు జరిగిందో రిజిస్టర్లో "కారణం" అనే గడిలో రాసి సంతకం పెట్టాలి. ఇన్నేళ్లలో ఆ గడిని నేను ఖాళీగా వదిలింది లేదు. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, అప్పుడు కరెంటు ఉందా, తలుపు వేసి ఉందా అని అడిగి వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లేది నేనే. అలాంటి నేను ఇది రాయాల్సి వస్తోంది.

ఉద్యోగం కాక నాకున్న ఇంకో పిచ్చి గిటారు. సూరత్‌లో పెళ్లి రిసెప్షన్లకు వాయించే ఆర్కెస్ట్రాలో ఆదివారాలు వాయించేవాణ్ని. అలా వచ్చిన డబ్బుతోనే ఒక పాత ట్యూబ్ యాంప్లిఫయర్ కొన్నాను. పాతకాలం రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు దాని ప్రాణం. అవి వేడెక్కితే తప్ప పలకదు. లోపల అడుగున ఒక రేకు డబ్బాలో సన్నటి స్ప్రింగులు ఉంటాయి. గిటారు నాదానికి పెద్ద హాల్లో మోగినట్టు గుంజుకుపోయే తోకను ఇచ్చేవి అవే. ఆ గుణాన్ని రివర్బ్ అంటారు. యాంప్లిఫయర్ ఆన్‌లో ఉన్నప్పుడు పైన ఎవరైనా చేత్తో కొట్టారంటే, ఆ స్ప్రింగులు ఒక్కసారిగా ఝణాంగ్‌మని అరుస్తాయి. ఒకసారి విన్నవాళ్లు ఆ చప్పుడు మరచిపోరు.

మా ఇంట్లో ఆ చప్పుడు రోజూ వినపడేది. కారణం మా బాపు, అంటే మా నాన్న.

బాపు సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడ సాంచాలు నడిపాడు. ఆ మరమగ్గాల మోతలో చెవులు దాదాపు పోయాయి. కార్ఖానాలో ఎవరూ ఎవరినీ నోటితో పిలవరు, పిలిచినా వినపడదు. చేతిలో ఏది ఉంటే దానితో సాంచా ఇనుము మీద రెండు దెబ్బలు కొడతారు. రెండు దెబ్బలంటే ఇటు రా అని. పని మానేసినా బాపుకు ఆ అలవాటు పోలేదు. మంచినీళ్లు కావాలంటే కంచం మీద రెండు, స్నానానికి తువ్వాలు కావాలంటే తలుపు మీద రెండు. నేను వాయిస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని, యాంప్లిఫయర్ మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. సాంచా సరిగా నడుస్తోందా లేదా అని చేత్తో చూసుకున్నట్టే నా పాట చూసేవాడు. బాగుంటే తల ఊపేవాడు. చాయ్ టైమైతే దాని మీదే రెండు దెబ్బలు.

లాక్‌డౌన్‌తో పెళ్లిళ్లు ఆగిపోయాయి. ఇంట్లో కూర్చుని పాటలకు గిటారు రికార్డు చేసి పంపే పని పట్టుకున్నాను. డిండోలిలో మాది పైఅంతస్తులో చిన్న ఫ్లాటు. కింది ఇంటి ప్రకాశ్‌భాయ్‌కి చీరల పార్సిళ్లు మోసే టెంపో ఉంది. ఆయనకు కిరాయిలు లేవు, పిల్లలకు ఫోన్లో క్లాసులు. నా చప్పుడుకు ఆయన మూడుసార్లు మెట్లెక్కి వచ్చాడు. మూడోసారి గొడవే అయింది.

మిత్రులందరూ మోడలర్ కొనుక్కోమన్నారు. పుస్తకమంత డిజిటల్ పెట్టె అది. ఎన్నో యాంప్లిఫయర్ల నాదాన్ని అచ్చం అనుకరిస్తుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే బయటికి చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా రాదు. కొన్నాను. కానీ ఆ ఇంట్లో రెండింటికీ చోటు లేదు. ట్యూబా, మోడలరా అని నెలల తరబడి ఊగిసలాడాను. బుద్ధి మోడలర్ అంటుంది, మనసు ఒప్పుకోదు.

చివరికి తేల్చింది బాపే. "అమ్మేయ్ బిడ్డా. కిందోళ్లకు తక్లీఫ్ అయితాంది. నాదేముంది, ఇన్నా ఒకటే ఇనకున్నా ఒకటే" అన్నాడు. ఆ మాట తర్వాత నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. మోడలర్‌లో నేను ఎంత వాయించినా బాపు అరచేతికి అందేది ఏమీ లేదని మా ఇద్దరికీ తెలుసు.

ఆల్థాన్‌లో ఉండే ఒక పళ్ల డాక్టరు యాంప్లిఫయర్ కొంటానన్నాడు. ఇలాంటివి బండిలో తరలించేటప్పుడు వాల్వులు తీసి విడిగా కట్టడం పద్ధతి, లేకపోతే కుదుపులకు గాజు పగులుతుంది. వాల్వులన్నీ తీసి, న్యూస్‌పేపర్లో చుట్టి, బిస్కెట్ డబ్బాలో పెట్టి హాల్లో బీరువా మీద ఉంచాను. కరెంటు తీగ చుట్టి ఆ డబ్బా పక్కనే పెట్టాను. యాంప్లిఫయర్ మాత్రం లోపలి గదిలో బాపు మంచం కాళ్ల వైపు ఉంది.

ఆ వారమే బాపుకు జ్వరం వచ్చింది. కరోనా రెండో వేవ్ మంచి ఊపు మీదున్న రోజులు. పరీక్షలో పాజిటివ్. నా భార్యనూ పాపనూ ఉధ్నాలో మా వదినగారింటికి పంపేశాను. యాంప్లిఫయర్ కొంటానన్న పళ్ల డాక్టరుగారిని తర్వాత రమ్మన్నాను. బాపు లోపలి గదిలో, నేను హాల్లో. ఫోన్లో మాట్లాడదామంటే ఆయనకు వినపడదు. అందుకని మంచం పక్క బల్ల మీద స్టీలు గ్లాసు, చెంచా పెట్టి, ఏం కావాలన్నా కొట్టమని చెప్పాను.

అయిదో రోజు మధ్యాహ్నం అన్నం పెట్టినప్పుడు వేలికి మీటరు పెట్టి చూశాను. ఆక్సిజన్ తొంభై నాలుగు. "నాకేం గాలే. నువ్వు నీ పని చూస్కో" అన్నాడు. సాయంత్రంలోగా ఒకరికి ట్రాక్ పంపాలి. తలుపు దగ్గరికి వేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. గ్లాసు కొట్టమని చెప్పిందీ నేనే, చెవులు మూసుకున్నదీ నేనే. ఇంత తెలివితక్కువ పని ఎలా చేశానో ఇప్పటికీ తల కొట్టుకుంటాను.

ఆ ట్రాక్ మీద రివర్బ్ వద్దని అడిగారు. మోడలర్‌లో దాన్ని పూర్తిగా సున్నాలో పెట్టాను. రికార్డు చేస్తూ సగంలో ఉండగా హెడ్‌ఫోన్స్‌లో ఝణాంగ్, ఝణాంగ్ అని రెండుసార్లు వినపడింది. గిటారు నుంచి మోడలర్‌కు పెట్టిన తీగ వదులైందేమో అనుకుని బిగించి మళ్లీ మొదలుపెట్టాను. కాసేపటికి మళ్లీ అదే. రెండే. ఈసారి చేతులు ఆగిపోయాయి. అది తీగ చప్పుడు కాదు. యాంప్లిఫయర్ మీద బాపు కొట్టే చప్పుడు.

హెడ్‌ఫోన్స్ విసిరేసి లోపలికి పరుగెత్తాను. బాపు గోడవైపు తిరిగి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. మీటరు డెబ్బై ఆరు చూపించింది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే రెండు గంటలు పడుతుందన్నారు. మెట్ల మీద నా కేకలు విని ప్రకాశ్‌భాయ్ బయటికొచ్చాడు. నాతో గొడవపడ్డ ఆ ప్రకాశ్‌భాయే. సంగతి చెప్పి, దగ్గరికి రావద్దన్నాను. ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని బాపును కాళ్ల వైపు పట్టుకున్నాడు. టెంపోలో పార్సిళ్ల గోనెసంచులు పరిచి పడుకోబెట్టి, ఒక హాల్లో తెలుగువాళ్లు చందాలు వేసుకుని పెట్టిన కోవిడ్ సెంటర్‌కు తీసుకెళ్లాం. అప్పుడే ఒక ఆక్సిజన్ మంచం ఖాళీ అయింది. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ని అన్నాడు అక్కడి డాక్టరు. ఇంటికొచ్చాక ప్రకాశ్‌భాయ్ వాళ్లు పద్నాలుగు రోజులు తలుపేసుకుని ఉన్నారు. ఒక్క మాట అనలేదు. ఆ కుటుంబానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

బాపు గండం గట్టెక్కాక నా క్వాలిటీ బుద్ధి మేలుకుంది. ఇంటికొచ్చి ఒక్కొక్కటే చూశాను. బిస్కెట్ డబ్బా బీరువా మీదే ఉంది. వాల్వులు చుట్టిన కాగితం విప్పిన జాడ లేదు. యాంప్లిఫయర్‌లో కరెంటూ లేదు, వాల్వులూ లేవు. ఊరికే కొడితే స్ప్రింగులు కొద్దిగా గలగలమంటాయి, అంతే. అది గది దాటదు, హెడ్‌ఫోన్స్ లోపలికి రావడం మాట అటుంచండి. పైగా అది మంచం కాళ్ల వైపు ఉంది, చెయ్యి చాచినా అందదు. బల్ల మీద గ్లాసూ చెంచా నేను పెట్టినచోటే కదలకుండా ఉన్నాయి. మోడలర్‌లో రివర్బ్ సున్నాలోనే ఉంది.

చివరగా ఆ రోజు రికార్డింగ్ విన్నాను. నా గిటారు వాయిస్తూ వాయిస్తూ టక్కున ఆగుతుంది. మళ్లీ మొదలవుతుంది. మళ్లీ ఆగుతుంది. ఎందుకు ఆగానో అందులో లేదు. ఆ చప్పుడు ఎక్కడా లేదు.

పద్దెనిమిది రోజులకు బాపు ఇంటికొచ్చాడు. కాస్త తేరుకున్నాక ఒక సాయంత్రం వాల్వులు మళ్లీ బిగించి, వేడెక్కనిచ్చి, కుర్చీ పక్కన వేశాను. బాపు అరచెయ్యి ఆనించాడు. ఏ పాట మొదలుపెట్టానో గుర్తులేదు, కళ్లు మసకబారిపోయాయి. కాసేపయ్యాక చెవి దగ్గర గట్టిగా అడిగాను, ఆ రోజు నన్ను ఎలా పిలిచావని.

"నేనేడ పిలిచిన బిడ్డా? పిలుద్దామనే అనుకున్న. చెయ్యి లేవలే" అన్నాడు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "మనసుల్నే కొట్టిన" అని గాలిలో చేత్తో చూపించాడు. రెండు దెబ్బలు.

ఆల్థాన్ డాక్టరుగారికి క్షమాపణ చెప్పాను. ఆయన కోప్పడలేదు. ప్రకాశ్‌భాయ్ తనంతట తనే సాయంత్రం ఒక అరగంట వాయించుకోమన్నాడు. ఆ అరగంట ట్యూబ్‌ది, బాపుది. మిగతా పనంతా మోడలర్ మీదే. ట్యూబా మోడలరా అని ఎవరైనా అడిగితే, మీ ఇల్లు ఎంత, కింద ఎవరుంటారు అని లెక్కప్రకారం సలహా చెబుతాను. నా విషయంలో మాత్రం దేనికి దండం పెట్టాలో తెలియక రెండింటికీ పెడుతున్నాను.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. నా లెక్కలో మొదటిసారి కారణం గడి ఖాళీగా ఉంది, ఖాళీగానే ఉండనీ. మోడలర్‌లో రివర్బ్ మాత్రం ఈ రోజుకీ సున్నాలోనే ఉంచుతాను. మళ్లీ ఎప్పుడైనా ఆ రెండు దెబ్బలు వినపడితే, అది పెట్టె చేసిన చప్పుడేమో అని ఒక్క క్షణం కూడా కూర్చోకూడదు.