యాదమ్మ అడిగిన ప్రశ్న

లేహ్‌లో చలికాలం రాకముందే ఇళ్లు బాగుచేయించడం నా పని. అటకలో గడ్డీ ఉన్నీ దట్టంగా పరిస్తే ఇంటి వెచ్చదనం బయటికి పోదు. ఆ సంగతి విద్యార్థులకు చెప్పమని పిలిస్తే మొన్న ఏప్రిల్‌లో తార్నాకలోని యూనివర్సిటీకి వచ్చాను.

క్యాంపస్‌లో నా ప్రసంగం అయ్యాక అందరూ వెళ్లిపోయారు. చాయ్ ఇచ్చే యాదమ్మ మాత్రం తెర మీది ఇంటి బొమ్మనే చూస్తూ నిలబడింది. ఆమెది పక్కనే ఉన్న లాలాపేట్.

"సార్, గిట్ల పరిస్తే చలి ఒక్కటే ఆగుతదా, ఎండ గూడ ఆగుతదా?"

అంతమందిలో ఎవరూ అడగని ప్రశ్న. సంబరంగా చెప్పాను. "ఎండ కూడా ఆగుతుందమ్మా. రేకుల ఇల్లయినా సరే, లోపల కప్పుకు పాత బొంతలు కట్టినా చాలా తేడా ఉంటుంది."

ఆమె మళ్లీ తెర వైపు చూసింది.

"మా ఆయనకు పక్షవాతం సార్. లేవనీకి రాకపోయేది. పోయిన ఎండకాలం రేకుల కిందనే ఉడికి ఉడికి పాణం ఇడిసిండు. నేను తడిబట్టతోని తుడుసుకుంట పక్కనే కూసున్న."

ఖాళీ గ్లాసులు ట్రేలో సర్దుకుంది.

"బొంతలు ఇంట్ల శానా ఉండె సార్."

"నీ తప్పు కాదమ్మా" అన్నాను. తలూపింది గానీ, ఆ మాట విన్నట్టు లేదు.