మా వదిన స్పానిష్ చదువు

నలభై దాటాక మా వదిన కాలేజీలో చేరతానంటే నేను నవ్వలేదు, తిట్టాను. "కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు తూచుకునేదానివి, నీకెందుకు వదినా స్పానిష్? వింటే నలుగురూ నవ్విపోతారు" అన్నాను. ఆవిడ తాపీగా చెప్పులేసుకుంటూ, "సాయంత్రం క్లాసులే పిల్లా, ఆఫీసయ్యాకే" అంది. అంతే. ఆవిడతో వాదించడం కంటే గోడకి చెప్పుకోవడం నయం.

కారణం తెలియక తిట్టలేదు నేను. తెలిసే తిట్టాను. అదంతా మా అన్నయ్య కోసం.

మా అన్నయ్య ఓడల్లో ఇంజన్ ఫిట్టరు. ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు, ఓడకి రిపేరొచ్చి ఏదో రేవులో ఆగామన్నాడు. "ఇక్కడంతా స్పానిషే. అయినా నాకేం ఢోకా లేదు. ఎవడేమడిగినా 'సీ' అంటే చాలు. సీ అంటే అవునని. అలా అన్నామనుకో, టీ తెచ్చిస్తారు, దారి చూపిస్తారు, పని జరిగిపోతుంది" అని వదినతో ఒకటే నవ్వు. వదిన చేత కూడా నాలుగుసార్లు అనిపించాడు. "సీ, సీ" అని ఈవిడ మురిసిపోవడం కింద వాటాలో మిషన్ కుట్టుకుంటున్న నాకు వినిపిస్తూనే ఉంది. అలా ఊళ్ళోకి వెళ్ళొస్తానని ఫోన్ పెట్టేసిన మనిషి మళ్ళీ ఓడెక్కలేదు.

కంపెనీ వాళ్ళు పారిపోయాడన్నారు. వీధి చివరి కొట్టుకి పంపితే ఏం తెమ్మన్నామో మర్చిపోయి వెనక్కొచ్చే మనిషి, పరాయి దేశంలో పారిపోయాడట! నోటికొచ్చినట్టు అనేసి చేతులు దులుపుకున్నారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఇంటికి ఒక ఫోనొచ్చింది. ఎవరో ఆడమనిషి. ముక్క కూడా మనకి తెలియని భాష. వదిన ఒక్కతే ఉంది ఇంట్లో. ఎక్కడ ఫోన్ పెట్టేస్తుందోనని, ఆవిడ ఆగినప్పుడల్లా ఈవిడ తనకొచ్చిన ఒక్క మాటా అందుకుంది. సీ. ఆవిడేదో అడగడం, ఈవిడ సీ అనడం. నెంబరేమో ఫోన్‌లో పడలేదు. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి వదిన మొహం వెలిగిపోతోంది. "మీ అన్నయ్య కబురే పిల్లా! దొరికారు. ఆవిడ గొంతెంత మెత్తగా ఉందనుకున్నావ్? చెడ్డ కబురు ఎవరైనా అలా చెప్తారా?" అంది.

ఇదిగో, ఆ గొంతు పట్టుకుని బతికింది మా వదిన ఏళ్ళ తరబడి. ఎవరెవరినో బతిమాలి ఇంగ్లీషులో ఆ రేవుకి ఫోన్లు చేయించాం. ఆ పేరుతో ఎవరూ లేరనేవాళ్ళు, లేదంటే మధ్యలోనే పెట్టేసేవాళ్ళు. నాకు ఆశ చచ్చిపోయింది. ఒకరోజు ఉండబట్టలేక "పోయాడు వదినా, ఇంక రాడు" అనేశాను. చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు ఈ కాలేజీ సంగతి చెప్పింది. "చెప్పాల్సిందంతా ఆవిడ ఆనాడే చెప్పింది పిల్లా. అర్థం కానిది నాకే. ఆ భాషేదో నేర్చుకుని నేనే కనుక్కుంటాను."

కాలేజీలో స్పానిష్ గది మేడ మీద ఉండేది. గోడకి మూలలు చుట్టుకుపోయిన పటం, మోకాళ్ళు పట్టని బెంచీలు. పిల్లలంతా ఈవిడని ఆంటీ అనేవాళ్ళు. మొదటి రోజు మాస్టారు ఒక్కొక్కళ్ళనీ ఎందుకు చేరారని అడిగారట. ఒకడు ఫుట్‌బాల్ పిచ్చితో అన్నాడు, ఒకమ్మాయి సీటు ఇందులోనే దొరికిందంది. మా వదిన "ఫోన్ మాట్లాడ్డానికండీ" అంది. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వారు, పాపం. క్లాసయ్యాక ఈవిడ ఆగి, "కనుబొమ్మ మీద మచ్చ" అని ఎలా అనాలి, "ఊరూపేరూ తెలియని మనిషి" అని ఎలా అనాలి అని అడిగేసరికి ఆయన నవ్వు ఎగిరిపోయింది. "అవన్నీ మూడో ఏడు గానీ రావమ్మా" అన్నారట. "నాకు తొందరండీ" అందిట ఈవిడ.

చదువంటే ఏం చదువు! తూకం మిషన్ పక్కన చీటీ పెట్టుకుని క్రియలు బట్టీ పట్టేది. ఇంటికొచ్చాక నన్ను పుస్తకం పట్టుకోమనేది. ఒక్క అక్షరం రాకపోయినా నేను మధ్యమధ్యలో "తప్పు!" అని గద్దించేదాన్ని. "నీ మొహం, కరెక్టే" అనేది. మొదటి ఏడు తప్పింది, మళ్ళీ రాసింది. ఆ దేశాల రాజులు, యుద్ధాలు, పద్యాలు అన్నీ చదవాలి మరి. "ఏ రాజు ఏ సముద్రం దాటితే మనకేంటి?" అని విసుక్కునేదాన్ని. "పరీక్షలో అడుగుతారు పిల్లా" అనేది. అన్నయ్య దాకా వెళ్ళే దారిలో ఆ రాజులందరూ అడ్డంగా నిలబడ్డట్టు, ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ పోయింది మా వదిన.

ఆఖరి ఏడు సంస్కృతి పేపర్లో ఒక మెలిక వచ్చింది. ఆ దేశాల్లో కొన్నిచోట్ల ఏడాదికొకసారి చనిపోయినవాళ్ళు ఇంటికొస్తారని నమ్మకమట. బల్ల మీద పోయినవాళ్ళ ఫోటో పెట్టి, బంతిపూలు, కొవ్వొత్తి, వాళ్ళకిష్టమైనది, ఒక గ్లాసు నీళ్ళు పెడతారట. అంత దూరం నడిచొస్తారు కదా, దాహంగా ఉంటారని నీళ్ళు. ప్రతివాళ్ళూ అలాంటి బల్ల ఒకటి సర్ది, పక్కన నిలబడి, బయటినుంచి వచ్చే పరీక్షకురాలికి స్పానిష్‌లో జవాబులు చెప్పాలి. పిల్లలు తాతల ఫోటోలు వెతుక్కున్నారు. ఫుట్‌బాల్ పిల్లాడు "మా కుక్క ఫోటో పనికొస్తుందా సార్?" అన్నాడట. వదిన వాళ్ళ నాన్న ఫోటో తీసి తుడిచి పెట్టుకుంది. "మరి... మీ ఇంట్లో ఇంకెవరిదైనా..." అని మాస్టారు అంటుంటే, "మావారు బతికే ఉన్నారండీ" అని కట్ చేసేసింది. 

ఇంక నాలుగు రోజుల్లో ఆ ప్రదర్శన. అప్పటికి వదిన ఆ రేవులో ఒక్కో ఆసుపత్రికీ తనే ఫోన్ చేస్తోంది. మనకి సాయంత్రమైతే వాళ్ళకి పొద్దున. ఆ రోజు నా గదిలోనే కూర్చుని చేసింది. నేను ఆవిడ బల్ల మీదికి గుడ్డ కుడుతున్నాను. ఏం మాట్లాడిందండీ మా వదిన! ఎక్కడా తడబాటు లేదు. మిషన్ ఆపేసి వింటూ కూర్చున్నాను. మచ్చ అనే మాట, భర్త అనే మాట నాకూ తెలిశాయి. ఎవరికో కలిపారు, మళ్ళీ ఇంకెవరికో కలిపారు. ఉన్నట్టుండి వదిన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "ఆ గొంతే పిల్లా! ఆవిడే!" అంది, మొహమంతా నవ్వు.

ఆ తర్వాత ఈవిడ వింటూనే ఉంది. నవ్వు మాత్రం మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. చివర్లో థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది.

"రేవు బయట లారీ గుద్దిందిట. కాగితాలన్నీ ఓడలో ఉండిపోయాయి, జేబులో మన ఇంటి నెంబరొక్కటే ఉందిట. ఆవిడ శవాల గదిలో పనిచేస్తుంది. ఆ రోజు ఫోన్ చేసింది ఆవిడే. నేను బాగా గుర్తున్నానంది. అంత మర్యాదగా ఒప్పుకున్న భార్యని ఎప్పుడూ చూడలేదంది."

"ఏం ఒప్పుకున్నావు వదినా?"

"పోయింది మీ భర్తేనా అని అడిగిందిట. సీ అన్నాను. మీరు కావాలంటే ఇంటికి పంపిస్తాం, వద్దంటే ఇక్కడే పూడుస్తాం, పూడ్చమంటారా అందిట. సీ అన్నాను. ధైర్యంగా ఉండండి అందిట. దానికీ సీ అన్నాను."

నేను గుండెలు బాదుకున్నాను. నా తోడబుట్టినవాడండీ! ఎప్పుడో పోయాడని నోటితో అన్నాను గానీ, పోయాడని తెలియడం వేరు. కాసేపటికి, పోనీ ఆ పూడ్చిన చోటైనా చూసొద్దాం అన్నాను. "లేదు పిల్లా. కొన్నేళ్ళ దాకా ఎవరూ రాకపోతే తవ్వి, ఎముకలన్నీ ఒకే గోతిలో వేసేస్తారట. వేసేశారట" అంది.

"నీ తప్పేముంది వదినా? నీకు భాష రాదు కదా!"

"రానిదాన్ని నోరు మూసుకోవాలి కదా" అంది. సీ అనడం నేర్పింది మా అన్నయ్యేనని నేనెలా అనను? ఆవిడ కంట్లో చుక్క నీరు లేదు. లేచి, నేను సగం కుట్టిన గుడ్డ తీసుకుని అంచు సరిచూసింది.

ప్రదర్శన రోజు పూలు పట్టుకుని నేనూ వెళ్ళాను. వదిన గుడ్డ పరిచి, సంచిలోంచి ఫోటో తీసింది. వాళ్ళ నాన్నది కాదు. ఇంజన్ గదిలో మసి మొహంతో ఇకిలిస్తున్న మా అన్నయ్య. పక్కన పంచదార ఎక్కువేసిన టీ, అంచుదాకా నీళ్ళు. మాస్టారు ఒక్కసారి చూసి కిటికీ వైపు తిరిగిపోయారు.

పరీక్షకొచ్చినావిడకి ఇవేవీ తెలియవు. అడిగింది, వదిన చెప్పింది. ఓడ, రేవు, రిపేరు అన్నీ గడగడా చెప్తుంటే ఆవిడ మెచ్చుకోలుగా తలూపింది. చివరికి ఫోటో చూపించి చిన్న ప్రశ్నేదో వేసింది. అది నాక్కూడా అర్థమైంది. ఈయన మీ భర్తా? మొదటి పాఠంలో మొదటి మాట చాలు దానికి. మా వదిన నోరు తెరిచింది. మాట రాలేదు. అర్థం కాలేదేమో అనుకుని పాపం ఆవిడ ఇంకా నెమ్మదిగా, ఇంకా మెత్తగా మళ్ళీ అడిగింది. వదిన పెదాలు బిగబట్టుకుని నీళ్ళగ్లాసు కేసి చూస్తూ నిలబడిపోయింది.

పాసైందిలెండి. సర్టిఫికెట్ నా మిషన్ సొరుగులో పడి ఉంది. ఇప్పుడు నేను పొద్దున్నే పైకెళ్ళి "అన్నం తిన్నావా వదినా?" అని అడిగితే తల ఊపుతుంది. తెలుగులో కూడా అవునని అనడం మానేసింది.