బావికి ఎంత దూరం

నిన్న మధ్యాహ్నం మనవరాలు తన ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. గతం అన్న మాటకు ముందు ఒక ఖాళీ, కింద నియర్, డిస్టెంట్ అని రెండు విశేషణాలు. వాక్యం తాతయ్య ఉద్యోగంలో చేరిన రోజుల గురించి, వీటిలో ఏది సరిపోతుందని దాని సందేహం. కిటికీలోంచి ఎండుమిరప ఘాటు వస్తోంది. జవాబు చెప్పబోయి, ఎప్పుడో వదిలి వచ్చిన తరగతి గదిలోకి జారిపోయాను.

ఒంగోలు వైపు మా మేనమామ ఊళ్లో కొత్తగా మాస్టరునయ్యాను. పత్తి పగిలి చేలన్నీ మబ్బు దిగినట్టుండేవి, కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు సాయంత్రాల్లో ఆకాశం దాకా పాకేది. మూఢాచారాల మీద సభల్లో గొంతు చించుకుని వాదించి వచ్చినవాణ్ణి కదా, ఆ ఊరిని ఏడాదిలో మార్చేస్తాననే ధీమా నాకు. ఊరవతల వాడ నుంచి ఒక ఆడపిల్ల రోజూ ఆలస్యంగా వచ్చేది, నేను రోజూ గుమ్మం బయట నిలబెట్టేవాణ్ణి. ఇంకో వారం ఇలాగే అయితే పేరు కొట్టేస్తామన్నారు పెద్ద మాస్టారు.

అప్పుడే నియర్, ఫార్ పాఠం వచ్చింది. తెలిసిన చోట్లు రాయమంటే ఆ పిల్ల కొత్తపట్నం సముద్రాన్నీ, వాళ్ల వాడకు నూరడుగుల్లో ఉన్న మంచినీళ్ల బావినీ ఫార్ కిందే రాసింది. ఎర్ర సిరాతో తప్పు కొట్టాను. తరగతంతా నవ్వింది.

"మీరెళ్తే దగ్గరేనండీ మాస్టారూ, మేమెళ్తేనే దూరమండీ" అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి చూశాను. వాడవాళ్లు చేద ముట్టుకోకూడదు. ఊరివాళ్లెవరైనా తోడి పోసేదాకా బిందెలతో ఎడంగా కూర్చోవాలి. తల్లి మిరపకోతకు పోవాలి గనక ఈ పిల్ల కాచుకునేది, బడి గంట వింటూ. సభల్లో వాదించి అలసిన నేను రోజూ తాగుతున్నది ఆ బావి నీళ్లే.

చేద నేనే అందుకున్నాను. మామయ్య బావి ఎదురుగా ఉన్న తన ఇంటి అరుగు మీంచి లేచి, "ఒరేయ్, నీ చదువు బళ్లో చెప్పుకో, చేద కింద పెట్టు!" అని కేకేశాడు. పెట్టలేదు. ఆ పొద్దు నుంచి వాడవాళ్ల బిందెలకు రోజూ నేనే తోడి పోశాను. ఆనాటితో మామయ్య ఇంట్లో నాకు అన్నం లేకుండా పోయింది, ఆ పిల్ల మాత్రం రోజూ గంటకు ముందే వచ్చి మొదటి వరసలో కూర్చునేది.

వేసవిలో బదిలీ అయింది. తర్వాత ఆ నీళ్లు ఎవరు తోడారో, అసలు తోడారో లేదో, ఆ పిల్ల బళ్లో నిలిచిందో లేదో కనుక్కోలేదు. అంటరానితనం మీద ఎన్నో వ్యాసాలు రాశాను గానీ ఆ ఊరికి ఒక్క ఉత్తరం రాయలేదు.

ఇప్పుడు వాడలోనూ ఇంటింటికీ కుళాయి ఉందట, బావి మీద బండలు పరిచి మిరపకాయలు ఆరబోస్తున్నారట. బస్సెక్కితే రెండు గంటలు. ఇన్నేళ్లలో వెళ్లలేకపోయాను.

పుస్తకంలోని ఖాళీలో నియర్ అని రాయమన్నాను. వెనక పేజీలో జవాబు వేరే ఉంది తాతయ్యా, టీచర్ తప్పు కొడుతుంది అంది మనవరాలు. కొట్టనీ తల్లీ అన్నాను. ఒకప్పుడు నేనూ అలాగే కొట్టాను.