మడత పెట్టి గీసిన దొరతోట

ఆ రోజుల్లో "నాకు తెలియదు" అన్న మాట నా నోట వచ్చేది కాదు. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, ఐటీఐలో డ్రాయింగు నేర్చుకుని, పురావస్తు తవ్వకాల్లో తాత్కాలిక ఉద్యోగం సంపాదించిన మొదటి ఆడపిల్లను మరి! (మా వాడలో మొదటిదాన్ని. లోకంలోనే అనుకునేదాన్ని.) ఉద్యోగం పోతే ఇంటికొచ్చి కండెలు చుట్టాల్సిందేనని నాన్న ముందే చెప్పి పంపాడు. జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో కోరుట్ల దగ్గరి తవ్వకానికి వెళ్లేదాన్ని. నిజాం కాలంలో ఒక తెల్ల ఇంజనీరు వేయించుకున్న తోట అక్కడ మట్టికింద ఉంది. ఇటుకల అంచులు బయటపడుతుంటే ఏది బాటో, ఏది పూలమడో కొలిచి గీయడం నా పని.

పడమటి సగం తేలింది: రెండు వంపు బాటలు, మూలన గుండ్రటి కొలను. ఇంతలో చుట్టుపక్కల అన్నలు, అంటే నక్సలైట్లు, తిరుగుతున్నారని పోలీసులు పని ఆపించారు. తవ్వకం చూసే పెద్దసారేమో ఆ వారంలోనే తోట నక్ష గీసివ్వమన్నారు. నాకేం భయం? చీర అంచు పువ్వును మా ఇంట్లో సగమే గీస్తారు, మిగతా సగం తిప్పి వేస్తారు. నేనూ కాగితం మడిచి, తోట మొత్తం గీసి పారేశాను.

పెద్దసారు చూసి మురిసిపోయారు. తర్వాత కళ్లజోడు సవరించుకున్నారు.

"తూర్పు దిక్కు తవ్వనే లేదు గద! గిదెట్ల గీసినవమ్మా?"

"చీరె లెక్కనే సార్. గా దిక్కున్నదే గీ దిక్కుంటది."

"దొర తోట నీ చీరెనా? పోలీసోళ్లు పని మొదలువెట్టుమననీ, ముందుగాల నీ తూర్పే తవ్విస్త. తప్పయితే సిరిసిల్ల బస్సెక్కుడే!"

నాలుగు రోజులకు పోలీసులు సరేనన్నారు, తూర్పు తవ్వారు. నేను గీసిన చోటే ఒక బాట. ఇంకో బాట! నేను మెడ నిక్కించాను. మూలకొచ్చేసరికి కొలను లేదు. నల్లటి మసి, బూడిద, ఎముకలు. మట్టి తీస్తున్న పెద్దవ్వ (కూలీలందరిలో పెద్దది) చేత్తో తడిమి, "అయ్యో బిడ్డా, గిది గాడిపొయ్యి! దొరకు వండెటోడు ఈడ యాటకూర వండిండు" అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పెద్దసారు గోతి అంచున కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "దొర కొలను గీసిచ్చిండేమో, వంటాయనకు పొయ్యి గావాలె! నువ్వు తప్పు గియ్యకపోతే గీ మూల తవ్వకపోదుము. ఏడ్వకు. రేపు జెల్ది రా, పొయ్యి గియ్యాలె."

రేపు రమ్మన్నారు! ఆ సాయంత్రం బస్సులో నిలబడి కూడా నవ్వుకుంటూనే వెళ్లాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు గీశాను. తవ్వని చోట చుక్కల గీతే పెట్టాను. ఎవరూ తప్పు పట్టలేదు, ఎవరూ అంతలా నవ్వనూ లేదు. ఇప్పుడు మనవరాలు ఏది అడిగినా "చూసి చెప్తా" అంటాను. చూడని తోటను అంత ధైర్యంగా పూయించిన ఆ పిల్లంటే, నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం కుళ్లు.