అన్న తీసుకున్న లైఫు

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. అవే గనక ఉంటే మా మోత్కూర్‌లో కిరాయి ఇండ్లు ఇంత తొందరగా నిండవు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ని, పెద్ద మాటలు రావు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చిన్నప్పుడు బాపు మా అన్నదమ్ములిద్దరికీ టీవీకి తగిలించే వీడియో గేమ్ కొనిచ్చాడు. క్యాసెట్ తీసి నోటితో ఊదితే తప్ప నడిచేది కాదు. తుపాకులు పట్టుకుని ఇద్దరు పక్కపక్కన ఉరికే ఆటంటే మాకు పిచ్చి. ఒకడి లైఫులు అయిపోతే, తన రిమోట్ మీద మీట నొక్కి రెండోవాడి లైఫు ఒకటి తీసుకోవచ్చు.

నేను అడక్కుండానే తీసుకునేవాణ్ని. "కుక్క తరిమిన మేకపిల్ల లెక్క ఉరుకుతవేందిరా చిన్నోడా" అని అన్న నవ్వేవాడు. తనవి అయిపోతే మాత్రం రిమోట్ కింద పెట్టి నా ఆట చూస్తూ కూర్చునేవాడు. నా దగ్గర ఒక్కటీ తీసుకోలేదు. ఇంకో అలవాటుండేది. తన బొమ్మను దూకించే ముందు రెండుసార్లు వంచి లేపేవాడు. "మోకాళ్లు వట్టేస్తయిరా" అనేవాడు, బొమ్మకు.

పెద్దయ్యాక అన్న చౌటుప్పల్‌లో ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. మొన్నటి చలికాలం ఊపిరితిత్తులు చెడి హైదరాబాద్ దవాఖానలో పడ్డాడు. మూడు రోజులైనా కళ్లు తెరవలేదు. ఆశ పెట్టుకోవద్దన్నారు. దుప్పట్లు తెమ్మని వదిన నన్ను ఇంటికి పంపింది.

మధ్యాహ్నం అటక మీద దుప్పట్ల వెనక ఆ గేమ్ కనబడింది. అన్న పట్టుకునే రెండో రిమోట్ తీగను ఎలుకలు ఎప్పుడో తెంపేశాయి. అయినా దాన్ని అన్న దిండు మీద పెట్టి, ఇద్దరాడే ఆటే మొదలుపెట్టాను. ఎందుకో చెబితే నవ్వుతారు. నా లైఫులు ముట్టకుండా ఉంచితే అన్న ఒకటి తీసుకుంటాడని.

నా బొమ్మను తూటాలు తగలని మూలన దాచాను. అన్న బొమ్మ నిలబడ్డచోటే నిలబడి, లైఫులన్నీ పోగొట్టుకుని మాయమైంది.

"తీస్కోరాదే అన్నా. నా తాన ఉన్నయి గదా" అన్నాను.

ఏమీ కాలేదు. నా తెలివికి నేనే సిగ్గుపడి, టీవీ బంద్ చేద్దామని లేచాను. అప్పుడు నా లైఫుల్లో ఒకటి తగ్గింది. పైనుంచి అన్న బొమ్మ దిగింది. రెండుసార్లు వంగి లేచింది. దూకింది.

దిండు మీద రిమోట్ కదల్లేదు. ఇద్దరం పక్కపక్కన ఉరికాం. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. చివరి గేటు దగ్గర అన్న బొమ్మ నా ముందుకొచ్చి, నాకు తగలాల్సిన తూటాకు అడ్డం నిలబడింది. మాయమైంది.

ఇంకోటి తీసుకోమని బతిమాలాను. తీసుకోలేదు. ఫోన్ మోగింది.

"ఇప్పుడే జర కండ్లు తెరిచిండు తమ్మీ" అంది వదిన. "చిన్నోడేడి అన్నడు. నవ్విండు. గంతే, పాణం వోయింది."

టీవీలు బాగుచేసే దోస్తును అడిగితే, క్యాసెట్లో దుమ్ము పడితే అట్లనే అయితది అన్నాడు. దుమ్ము రెండుసార్లు వంగి దూకుతుందా అని నేను అడగలేదు. అదేమిటో నాకూ ఈనాటికీ తెలియదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ ఆట పెట్టి మూలన దాక్కుని కూర్చుంటాను. నా లైఫులు ఒక్కటీ తగ్గవు.