ఉప్పునీటిలో కరగని పొగ

నాకు దొరికిన మొదటి నిర్మాతను నా చేతులతో నేనే పొగబెట్టి ఆయన గదిలోంచే తరిమేశాను. మాటవరసకు కాదండీ, నిజంగా పొగే.

అప్పుడు నేను ఫిల్మ్‌నగర్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌ని. ఆరేళ్లు క్లాప్ కొట్టాక జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతగారు కథ వింటానన్నారు. ఇది పోతే మళ్లీ క్లాప్ బోర్డే గతి. నా కథలో హీరో ఫ్యాక్టరీ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి, భూమి అడుగున ఎక్కడో ఉన్న ఉప్పునీటిలో కరిగించి దాచేస్తాడు. నోటితో చెబితే సరిపోయేది. నాకేమో చేసి చూపించాలని దురద.

మా ఏరియాలో ఆ గ్యాసు కావాలంటే స్వర్గం సెట్లకు పొగ వేసే యాదగిరన్నే దిక్కు. ఆయన వాడే డ్రై ఐస్ గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడే మరి. యూసుఫ్‌గూడ నుంచి నిర్మాతగారి ఆఫీసుకే డబ్బా పట్టుకొచ్చాడు. నేను గాజు తొట్టిలో వేడినీళ్లు పోసి రెండు కిలోల ఉప్పు కలిపాను. నీళ్లెంత వేడిగా ఉంటే, ఉప్పెంత ఎక్కువైతే గ్యాసు అంత ఎక్కువ కరుగుతుందని నా తెలివి.

"వేడినీళ్లేంది సార్? పొగ మస్తు లేస్తది," అన్నాడు యాదగిరన్న.

"నీకు తెలియదన్నా, ఇది సైన్సు."

నిర్మాతగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "నిజంగా కరుగుతుందా?"

"చూస్తూ ఉండండి సార్. ఒక్క బుడగ పైకి రాదు."

గడ్డ వేశాను. తొట్టి కుతకుత ఉడికింది. తెల్లటి పొగ బల్ల దిగి గదంతా పరుచుకుంది. నిర్మాతగారి కాళ్లు మాయమయ్యాయి, నడుము మాయమైంది, తల ఒక్కటే దేవేంద్రుడిలా మిగిలింది.

"ఎప్పుడయ్యా కరిగేది?"

"కరుగుతోంది సార్."

"ఎక్కడ?"

ముగ్గురం దగ్గుకుంటూ బాల్కనీలో పడ్డాం. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"సోడాల గ్యాస్ ఎట్ల ఆగుతది సార్?" అన్నాడు యాదగిరన్న నెమ్మదిగా. "సల్లగ జేసి, ఒత్తిపెట్టి, మూత బిగిస్తరు. మీరు వేడి జేసి మూత దీసిండ్రు."

తర్వాత చదివితే తెలిసింది, ఉప్పు కలిస్తే నీరు ఇంకా తక్కువ గ్యాసునే పట్టుకుంటుందట. లోతున ఒత్తిడే దాన్ని అణిచి ఉంచుతుంది, పైనున్న రాతిపొరే మూత. అక్కడి ఉప్పునీరు ఎవరూ తాగరు, కావలసినంత ఉంది, అందుకే గ్యాసు దాచడానికి దాన్ని ఎంచుకుంటారు. కరగడానికి మాత్రం ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

నిర్మాతగారు కళ్లు తుడుచుకుని నావైపు చూశారు. "కథ బాగుందయ్యా. రేపు మళ్లీ రండి."

ప్రాణం లేచొచ్చింది. "తప్పకుండా వస్తాను సార్."

"నువ్వు ఊరికే కూర్చో. కథ ఈయన చెబుతాడు," అని యాదగిరన్న భుజం తట్టారు.

అందుకే ఒట్టేస్తున్నాను: ఈ జన్మలో ఏ నిర్మాత ఆఫీసుకు వెళ్లినా, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయినా సరే, నీళ్లు ముట్టను.