విప్పిన కుట్లు

ఆ దర్జీ దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్లు ఒళ్లు చేసినా కంగారు పడరు. పక్క కుట్ల లోపల ధారాళంగా గుడ్డ వదులుతాడు. ఎవరైనా పాత చొక్కా పట్టుకుని గుమ్మంలో నీళ్లు నములుతుంటే, ఏమైందని అడగడు. "ఉతుకులకి గుడ్డ ముడుచుకుపోతుందండీ" అని నేరం గుడ్డమీదకి నెట్టేసి, కుట్టు విప్పి వదులు చేసి ఇస్తాడు. సగం గిరాకీ ఆ మర్యాద చూసే వచ్చేది.

ఇంటి ముందుగదే దుకాణం. బడి నుంచి రాగానే పదేళ్ల కూతురు మిషను పక్కన స్టూలెక్కి కూర్చునేది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని దాన్ని పిచ్చుక అన్నారు. బతుకుతుందో లేదోనన్న అప్పటి భయం తండ్రిని ఇంకా వదల్లేదు. అందుకే బిస్కెట్ల డబ్బా, కూల్‌డ్రింకు సీసా ఎప్పుడూ పిల్ల చేతికందే చోటే ఉండేవి. అతనికీ ఓ గుటక కావాలి కదా, బొజ్జ ఊరికే వస్తుందా!

ఓసారి బళ్లో యూనిఫాం గౌను హుక్కు ఊడిపోయి, తోటిపిల్లలు నవ్వారని పిచ్చుక ఏడుస్తూ వచ్చింది. తన కూతురి ఒంటిమీద బట్ట ఇంకెప్పుడూ బిగుతు కాకూడదని దర్జీ ఒట్టు పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ పిల్ల నడుము ఓ కంట కనిపెడుతూ, ఉతికి ఆరేసిన గౌన్లు తెచ్చి గుట్టుచప్పుడు కాకుండా వదులు చేసేవాడు. వేరే ఇళ్లలో అయితే బట్టలు పట్టకపోయేసరికి తల్లికి సంగతి తెలిసిపోతుంది. ఈ ఇంట్లో బట్టల నోరు తండ్రే నొక్కేశాడు.

బళ్లో పిల్లలందర్నీ పరీక్ష చేశాక డాక్టరమ్మ ఆలుమగలిద్దర్నీ పిలిపించింది.

"పాప బరువు ఎత్తుకి మించిపోయిందండీ. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. ఇలాగే వదిలేస్తే చిన్నవయసులోనే షుగరు రావచ్చు."

"అదేంటండీ, బట్టలన్నీ సరిపోతూనే ఉన్నాయే!" అంది తల్లి. అని, మెల్లగా మొగుడి వైపు తిరిగింది. అతను గోడమీద గడియారం చూస్తున్నాడు.

"పస్తులు పెట్టకండి, తిట్టకండి. పాపకొక్కదానికే పథ్యం అనకుండా ఇంటిల్లిపాదీ మారండి. తియ్యటి కూల్‌డ్రింకులు మానేసి, రోజూ ఆడించండి. తగ్గించాలని కంగారు పడకండి. బరువు ఇక్కడ ఆగితే చాలు, ఎత్తు పెరుగుతుంది కదా" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చీ రాగానే తల్లి గౌను తిరగేసి, బట్టలు కత్తిరించే బల్లమీద పరిచింది. పాత కుట్లు విప్పిన చోటల్లా సూది రంధ్రాలు వరుసకట్టి ఉన్నాయి.

"ఏంటండీ ఇది?"

"పిల్ల బాధపడుతుందనీ..." అని నసిగాడు.

"నాకు తెలుసమ్మా" అంది స్టూలు మీంచి పిచ్చుక. "విప్పిన ప్రతిసారీ తెలుసు. నేనంటే నాన్నకి కూడా సిగ్గేమో, అందుకే చెప్పట్లేదనుకున్నా."

దర్జీకి తల కొట్టేసినట్టయింది. ఊరందరికీ మర్యాద అనిపించిన మౌనం కన్నకూతురికి అలా అనిపించింది. పిల్లని దగ్గరికి తీసుకుని, "సిగ్గు కాదే పిచ్చితల్లీ, భయం" అన్నాడు.

డబ్బా అటకెక్కింది, సీసా మాయమైంది. వాటి స్థానంలోకి మంచినీళ్ల కూజా వచ్చింది. కుట్టిన బట్టల్ని తండ్రీకూతుళ్లే సాయంత్రం నడుచుకుంటూ ఇళ్లకి చేరవేయడం మొదలెట్టారు. వీధి చివరికి వెళ్లేసరికే అతనికి రొప్పు వచ్చేది. "బొజ్జ పట్టుకుని రా నాన్నా!" అని పిచ్చుక ముందు నడిచేది. మధ్యలో ఓసారి అటకమీద చెయ్యి పెట్టి పెళ్లానికి దొరికిపోయాడు. దొరికింది పిల్ల కాదు, అతనే.

కొత్త తరగతికి ముందు గౌను తొడిగి చూశారు. పిచ్చుకేం సన్నబడిపోలేదు. కానీ నడుము దగ్గర కిందటిసారి వేసిన కుట్టే సరిపోయింది. అంచు మాత్రం మోకాళ్లు దాటి పైకెక్కింది.

"ఉతుకులకి గుడ్డ..." అనబోయి దర్జీ నాలుక్కరుచుకున్నాడు. "నువ్వు పొడుగయ్యావే. కింద మడత విప్పాలి."

పిచ్చుక గౌను మార్చుకొచ్చి, అతని పక్కన కూర్చుని చెయ్యి చాచింది.

"కత్తెర ఇటివ్వు నాన్నా. ఈసారి నేను విప్పుతా."